అంబలి ఎవరిది?

నిన్న పక్కింటావిడ గ్లాసుతో చోడి అంబలి, అదే రాగి అంబలి, పంపింది. ఆ పులిసిన వాసన తగలగానే సత్యవతి మేడమ్ వంటగది గుర్తొచ్చింది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో తెలుగువాళ్లింట పుట్టిపెరిగిన ఆమె, ఆ ఊరి శివారు బోద్రీలో ఉన్న హైకోర్టులో పేరున్న వకీలు. మా నాన్నదీ రైల్వే ఉద్యోగమే. ఆ పరిచయంతోనే నన్ను జూనియర్‌గా చేర్చుకున్నారు. ఊళ్లోనే మంగ్లాలో వాళ్లింటి ముందుగదే మా ఆఫీసు.

ఒకరోజు పొద్దున్నే వెళ్తే నేరుగా వంటగదిలోకి పిలిచి, పొయ్యి మీద కాగుతున్న పాలూ, పక్కన గిన్నెలో అంబలీ చూపించారు. "రెండూ కలుపమ్మా. పాలు విరక్కూడదు," అన్నారు. పులుపు తగ్గుతుందని అంబలిలో నీళ్లు పోశాను, మంట తగ్గించాను. ఎలా కలిపినా విరిగిపోయాయి. ఆమె ఒక ఫైలు చేతికిచ్చారు.

అది లలిత గారి కేసు. కర్గీ రోడ్ స్టేషన్ దగ్గర ఆవిడకు చిన్న కర్మాగారం ఉంది. నమలలేని రోగుల కోసం అంబలిలో పాల మాంసకృత్తులు చేర్చి ఒక పానీయం తయారుచేసి, పేటెంటు తీసుకున్నారు. పులుపు తగ్గించాలని అందరూ చూస్తే, ఆవిడ ఇంకా పెంచి, విరగకుండా నిలబెట్టారు. ఒక పెద్ద కంపెనీ అదే పద్ధతిలో చేసి అమ్ముతుంటే దావా వేశారు. అంబలీ పాతదే, పాలూ పాతవే, కలపడం ఎవరికైనా తట్టేదే కాబట్టి పేటెంటు రద్దు చేయాలని కంపెనీ జవాబు.

"నిజమే కదా మేడమ్, ఎవరికైనా తడుతుంది," అన్నాను చదివి.

"అచ్ఛా! మరి పొద్దున్న నీకు తట్టలేదేటి?" అని పకపకా నవ్వారు. "జవాబు చూసీసినాక అన్నీ తేలికే. చూడకముందు ఎలాగుంటాదో, అదే జడ్జిగారికి చెప్పాల మనం."

కానీ మజ్జిగ కలిపిన అంబలి కూడా తనదేనని లలిత గారు పేటెంటులో రాయించుకున్నారు. మేడమ్ ఆవిణ్ణి పిలిపించారు.

"మజ్జిగంబలి మీది కాదమ్మా. మీ అమ్మా కాచింది, మా అమ్మా కాచింది. అది వదిలీద్దాం."

"ఇన్నేళ్లు కష్టపడ్డది నేనండీ! మీరూ వాళ్ల మాటే అంటారేటి?" అన్నారు లలిత గారు.

మేడమ్ కుర్చీ దగ్గరకు జరుపుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "అంతా నాదేనంటే అంతా పోతాది. ఇందులో మీది ఏదో అదే అడుగుదాం. దానికి చివరిదాకా నేను నిలబడతాను."

లలిత గారు టీ ముట్టకుండానే వెళ్లిపోయారు. కొన్నాళ్లకు ఫోన్ చేసి, సరేనన్నారు. విచారణ మొదలవగానే మజ్జిగంబలి మాటను మేడమే వదులుకున్నారు. అవతలి వకీలు సిద్ధం చేసుకున్న వాదనంతా దాని మీదే. ఆయన తడబడ్డాడు. పులుపు పెంచి పాలు నిలబెట్టడం ఎవరికైనా తట్టేది కాదని జడ్జిగారు ఒప్పుకున్నారు. మిగిలిన పేటెంటు నిలిచింది, కంపెనీ తయారీ ఆపాల్సి వచ్చింది. కోర్టు వరండాలో లలిత గారు మేడమ్‌ని పట్టుకుని ఏడ్చేశారు.

మేడమ్ ఇప్పుడు లేరు. కేసు పట్టుకుని ఎవరొచ్చినా ముందు నేను అడిగేది ఒక్కటే, ఇందులో మీది ఏది అని. పోయిన వారం ఆ మాటకే నొచ్చుకుని ఒకాయన ఫైలు తీసుకుని వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. ఫోన్ చేస్తాడేమోనని మాత్రం చూస్తున్నాను.