పంచె పోయింది, మనశ్శాంతి రాలేదు

కుదరబోయే పెళ్లిని నా చేతులతోనే మూటగట్టి జట్కా ఎక్కించిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫర్వాలేదు. తిరుపతి అంతా ఎప్పుడో నవ్వేసింది.

యుద్ధం రోజులు. గుడ్డకు కరువు. చిత్తూరులో చూసొచ్చిన పిల్ల మీద నాకు మనసైంది గానీ, వాళ్ల నాయన ఔననీ అనడు, కాదనీ అనడు. నాకు తిండి సయించదు, నిద్ర పట్టదు. సత్రంలో దిగిన ఒక సన్యాసికి మొరపెట్టుకుంటే, "ఇల్లు ఖాళీ చెయ్యి నాయనా, మనసు తేలికవుతుంది" అన్నాడు. ఆయన వెనకాల మూటలు గుట్టగా ఉన్నాయి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా ఇల్లు అలిపిరి దారిలో. కొండెక్కే చుట్టాలంతా తమ బరువు మా వసారాలో దించి పోతారు. సగం మంది తిరిగి తీసుకోవడం మరచిపోతారు. మర్నాడు నేను లేచేసరికి అమ్మ గుడికి వెళ్లింది. ఇదే అదననుకుని వసారాలోని మూటలన్నీ వీధిలో పోయే జట్కావాడికి దానం చేశాను. అబ్బ, ఎంత హాయి! ఆ హాయి అమ్మ వచ్చేదాకా ఉంది.

"ఒరే, ఆ మూలనుండే మూట యాడరా?"

"ఇచ్చేసినానమ్మా. మనశ్శాంతికి."

"నీ శాంతి మండిపోనూ! అది చిత్తూరాయనదిరా! తెల్లారకముందే వచ్చి, మూట ఈడ పెట్టి కొండెక్కినాడు. దిగొచ్చినాక నిన్ను చూసి, పిల్లనిచ్చేది లేనిది తేలుస్తానన్నాడు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా వెతికినా ఆ జట్కా దొరకలేదు.

సాయంత్రం అదే మా గుమ్మం ముందు ఆగింది. కొత్త గుండుతో, తడి పంచెతో చిత్తూరాయన దిగాడు. దిగి, జట్కావాణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, నీ పంచె నా పంచె మాదిరే ఉండాదే? ఈ అంచు నగరిలో చెప్పి నేయించుకున్నానే!"

"ఈ సామే ఇచ్చినాడప్పా! ధర్మప్రభువు!" అని వాడు నాకు దండం పెట్టాడు. "సొక్కా గూడా ఇచ్చినాడు. ఇంటికాడ ఉండాది."

సిగ్గుతో చచ్చిపోయాను. "మనసు బాగలేక, అయ్యా..." అని గొణిగాను.

"రేపు నా బిడ్డనిస్తే, మనసు బాగలేదని దాన్ని గూడా జట్కా ఎక్కిస్తావా అబ్బా?"

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"దానమిచ్చింది ఎనక్కి అడగను. నీ పంచె ఇప్పి ఈడియ్యి" అన్నాడాయన.

ఇచ్చాను. అంతటితో వదలలేదు. పిల్ల కావాలంటే ఒట్టు పెట్టమన్నాడు. తువ్వాలు చుట్టుకుని, వీధి మధ్యలో నిలబడి, కొండవైపు చేతులెత్తి ప్రమాణం చేశాను: "స్వామీ, ఇకమీదట నా మనసు కుతకుతా ఉడికినా సరే, ఇంట్లోంచి చీపురుపుల్ల కూడా బయట పెట్టను!"

స్వామి విన్నాడో లేదో గానీ, మామ విన్నాడు. జట్కావాడు మాత్రం చాలా నొచ్చుకున్నాడు.