వెనకబడినవాళ్ళ మునుం

మొన్న పొద్దున టీ తాగుతూ టీవీ పెడితే, టై కట్టుకున్న ఒకాయన దేశం ఎట్లా ఎదుగుతుందో విడమరిచి చెబుతున్నాడు. మనిషి గంటకు చేసే పని పెరగాలట, పని పెరిగితే జీతం పెరుగుతుందట, జీతం పెరిగితే కొనేవాళ్ళు పెరిగి దేశం ముందుకు పోతుందట. మా ఈడువాళ్ళు ఇలాంటివి ఎన్నో విన్నారు కనుక నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో బోర్లు ఎండి వ్యవసాయం వదిలేశాక, ఎప్పుడో పది పాసైన పుణ్యానికి జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజరుగా కుదిరాను. మా చెల్లెనూ మేనత్తనూ ప్యాకింగులో పెట్టించింది నేనే. బెల్టు మీద వచ్చే మందుబిళ్ళలను అట్టపెట్టెల్లో సర్దే పని, లైనుకు అయిదుగురు ఆడవాళ్ళు. అత్తకు వేళ్ళు వంకరపోయి చెయ్యి సాగేది కాదు. మామ పక్షవాతంతో మంచాన పడ్డాడు కనుక ఆమె జీతంతోనే ఆయనకు మందులు.

చెల్లె చెయ్యి మహా చురుకు. పైగా చేను దగ్గరి అలవాటు ఫ్యాక్టరీకీ తెచ్చుకుంది. మా వైపు కలుపు తీసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మునుం, అంటే తమ వంతు సాళ్ళు, పట్టుకుని సాగుతారు. ముందు గట్టు చేరినవాళ్ళు కూర్చోరు, వెనకబడినవాళ్ళ మునుంకు ఎదురుపోయి తీస్తారు. చెల్లె కూడా తన పెట్టెలు నింపి, చెయ్యి చాపి అత్త పెట్టెలూ నింపేది. అత్త మొహమాటపడితే, "నీ మునుం నా మునుం వేరా అత్తా, జర నడుం సాపుకో" అనేది.

ఒకరోజు మేనేజరు గడియారం చూసుకుంటూ మా లైను దగ్గర నిలబడ్డాడు. అత్త చేతులు ఊరకే ఉండటం, పెట్టెలు మాత్రం నిండిపోవటం గమనించి, ఇక్కడ నలుగురు చాలరా అని నన్నడిగాడు. అది మునుం సాయమనీ, చెల్లె సాయంత్రానికి భుజం పట్టుకుని ఇంటికి పోతుందనీ, నాలుగు కాలాలు అలా చెయ్యటం మనిషి వల్ల కాదనీ నాకు తెలుసు. ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీగా ఉందనీ తెలుసు. చాలు సార్ అన్నాను.

మర్నాడు అత్తను గేటు దగ్గరే ఆపేశారు. నన్ను చూసి పరుగున వచ్చింది.

"నువ్వున్నవ్ గద అల్లుడా, జర సారుకు చెప్పు, ఇంక జల్ది చేస్త. మీ మామ గోలీలు గీ నెలకే ఉన్నయి."

పైవాళ్ళ నిర్ణయం, నా చేతుల్లో ఏమీ లేదన్నాను. ఆమె నమ్మింది. నాకోసం సారుతో కొట్లాడకు, నీ నౌకరి పైలం బిడ్డా అని నాకే బుద్ధి చెప్పి బస్సెక్కింది.

కొద్దిరోజుల్లో అన్ని లైన్లలోనూ నలుగురే అయ్యారు. సరుకు పెరిగింది, లారీలు పెరిగాయి, పక్కన ఇంకో షెడ్డు లేచింది. టీవీ ఆయన చెప్పిన ఎదుగుదల అబద్ధమేమీ కాదు, నేను కళ్ళారా చూశాను. నాకు కుర్చీ వచ్చింది. చెల్లెకు భుజం పడిపోయింది. జీతం పెంచమని ఆమె అడిగితే, చేతకానివాళ్ళు మానుకోవచ్చని పదిమందిలో అన్నదీ నేనే. నడిచే ఎద్దునే పొడుస్తారంటారు, ఆ ముల్లుకర్ర నా చేతిలో ఉండేది. మామ ఆ ఏడు దాటలేదు.

ఇప్పుడు ఆ కంపెనీలో పక్కవాళ్ళ పెట్టె ముట్టుకుంటే తప్పు రాస్తారట. మా ఊరి చేన్లలోనూ పత్తి కిలోల లెక్కన ఏరుతున్నారు కనుక ఎవరి చేతులు వాళ్ళవే, వెనక్కి తిరిగి చూసేవాళ్ళు లేరు. అందరూ కలిసి గట్టెక్కే ఆ రోజులు పోయాయని మనసు కలుక్కుమంటుంది గానీ, అలా అనుకునే మొహం నాకెక్కడిది?

పోయిన ఎండాకాలం అత్త కూడా కాలం చేసింది. పదకొండోనాడు చెల్లె నా పక్కన కూర్చుని ఏడ్చింది. "నేను చెయ్యి పెట్టకుంటే అత్త నౌకరి పోకపోతుండె గదా అన్నా, నేనే ముంచిన" అన్నది. ఇన్నేళ్ళుగా లోపల అదే మోస్తోందట. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఊరుకో చెల్లే, అయ్యిందేదో అయ్యింది అన్నాను.