పెళ్లికొడుకు బిగుసుకుంటే గుర్రం ఆగుతుంది

నాకు పెళ్లికొడుకులంటే అసహ్యం. పెళ్లిళ్లంటే కాదు, పిలిస్తే వెళ్లి కడుపునిండా తినే వస్తాను. పుట్టి బుద్ధెరిగాక గాడిదనైనా ఎక్కని మనిషి, మెడలో దండేసుకుని గుర్రమెక్కగానే రాజయిపోయినట్టు గడ్డం పైకెత్తుతాడు చూడండి, ఆ గడ్డమంటే అసహ్యం. గడ్డం పైన రాజసం ఒలకబోస్తుంటుంది, కాళ్లేమో కింద గుర్రం డొక్కల్ని పట్టకారులా నొక్కేస్తుంటాయి.

సారపాకలో మా అన్నకి బ్యాండు, డీజే, టెంటు సామాన్ల వ్యాపారం. ఊరేగింపులకు పనికొస్తుందని ఓ తెల్ల ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చాడు. కొనేముందు నన్నొక్క మాట అడగలేదు. పట్నంలో గుర్రపు స్వారీ నేర్పే చోట ఏళ్లకేళ్లు పనిచేసి, గుర్రాలకీ మనుషులకీ నేర్పి వచ్చిన చెల్లెలు ఇంట్లోనే ఉంది. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? పూసల జీను కొన్నాడు, గజ్జెలు కొన్నాడు, తల మీద పెట్టే ఎర్ర కుచ్చు కొన్నాడు. గుర్రం గిట్టలు మాత్రం ఎత్తి చూడలేదు.

దాన్ని డాన్సు గుర్రం చెయ్యడానికి ఒక ఉస్తాద్‌ని మాట్లాడాడు. ఆ ఉస్తాద్ సంచీలోంచి ఒక కళ్లెం తీసి చూపించాడు. నోట్లోకి వెళ్లే ఇనుప కడ్డీ చుట్టూ ముళ్లు. పగ్గం లాగితే అవి నాలుకలో దిగుతాయి. ఆ బాధకి గుర్రం తలెత్తి ముందుకాళ్లు టకటకా ఎత్తి వేస్తుంది. జనం అబ్బో డాన్సు, డాన్సు అని ఈలలేస్తారు. నాలుక తెగిన జంతువు ముందు ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసే ఆ మొహాల మీద తుపుక్కున ఉమ్మాలనిపిస్తుంది నాకు.

"నెల తిరగకముందే ఆడిస్త," అన్నాడు ఉస్తాద్.

ఆయన వెళ్లాక అన్న మీద విరుచుకుపడ్డాను. "ముందు అది నీ నోట్ల పెట్టుకో. రెండు స్టెప్పులేసి చూపియ్యి. తర్వాత గుర్రం సంగతి చూద్దాం."

"ఎహె, ఊకో. లోకమంతా గట్లనే నేర్పుతున్నరు. నీకొక్కదానికే వచ్చిందా తెలివి?"

రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేశాక దిగొచ్చాడు. "సరే, నీ పద్ధతిలనే నేర్పు. మొదటి ఊరేగింపుల మంచిగ నడిచిందా, ఉస్తాద్ అవసరం లేదు. నడవలేదా, ఆ కళ్లెమే పెడత. ఇగ నువ్వు నోరు తెరవొద్దు," అన్నాడు. ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను? గుర్రం ఆయనది.

కొట్టకుండా, గుర్రం తీరులోనే దానికి నేర్పే నా పద్ధతికి పట్నంలో నేచురల్ హార్స్‌మన్‌షిప్ అని పేరు. ఆ పేరు చెప్పి గుర్రాన్ని వాటేసుకుని కన్నీళ్లు కార్చే డబ్బున్నవాళ్లను కూడా చూశాను. వాళ్లంటే కూడా నాకు చిరాకే. అసలు పని వాటేసుకోవడంలో లేదు. మందలో పెద్ద గుర్రం చెవులు వెనక్కి పెడితే చిన్నది పక్కకి జరుగుతుంది, జరగగానే పెద్దది చెవులు మామూలుగా పెట్టేస్తుంది. అంతే సంగతి. ఒత్తిడి పెట్టాలి, మాట విన్న మరుక్షణం వదిలేయాలి. గుర్రం నేర్చుకునేది మనం వదిలినప్పుడే. ఇంత చిన్న విషయం మా అన్న బుర్రకి ఎక్కలేదు. డీజే డబ్బాల పక్కన బతికి బతికి ఆ బుర్రలో ఏదైనా మిగిలుంటే కదా.

ఇంటి వెనక జామాయిల్ కర్రలతో గుండ్రంగా దడి కట్టించి, గుర్రాన్ని అందులో వదిలి మధ్యలో నిలబడ్డాను. దాని వైపు సూటిగా చూస్తే అది దడి వెంట పరుగెత్తేది. ఒక చెవి నావైపు తిప్పగానే నేను చూపు తిప్పేసుకునేదాన్ని. అన్న వచ్చి దడి మీద చేతులానించి నవ్వాడు. "ఏందే, పొద్దటి సంది దాన్నే చూసుకుంట నిలబడ్డవ్? సంబంధం గిట్ల మాట్లాడుతున్నవా?" సాయంత్రానికి ఆ గుర్రం తాడు లేకుండా నా వెనకే నడిచింది. అది చూడ్డానికి మాత్రం ఆయన లేడు.

డప్పంటే దానికి ప్రాణభయం. ఉస్తాద్ అయితే కట్టేసి చెవి పక్కనే మోగించేవాడు. నేను మా బ్యాండులో డప్పు కొట్టేవాణ్ని గుర్రానికి ముందు నడుస్తూ, దూరంగా పోతూ కొట్టమన్నాను. భయపెట్టేది తనకన్నా ముందే పారిపోతుంటే ఏ జంతువుకైనా వెంటపడాలనే అనిపిస్తుంది. కొన్నాళ్లకు అది డప్పు వెంట నడిచింది, ఇంకొన్నాళ్లకు దెబ్బ దెబ్బకీ కాలెత్తి వేయడం మొదలుపెట్టింది. "అక్కా, ఇది నన్నే తరుముతున్నదే!" అని వాడు తెగ మురిసిపోయాడు.

తెల్లవారగానే గోదావరి ఇసుకలో తిప్పేదాన్ని. మొదట నడక, తర్వాత చిన్న పరుగు, ఆ తర్వాత మోకాలి లోతు నీళ్లలో. ఎండలో తారురోడ్డు మీద మనిషిని మోస్తూ గంటలకొద్దీ నిలబడాలంటే కాళ్లలోనూ ఊపిరిలోనూ బలముండాలి. మా అన్న దృష్టిలో గుర్రమూ టెంటు కుర్చీ ఒకటే. మడిచి వ్యానులో పడేసి, కావలసినప్పుడు తీసి వేస్తే సరి.

ఇంకొకటి కూడా నేర్పాను. పైనున్న మనిషి కాళ్లు బిగించి ఊపిరి బిగబట్టాడంటే జారిపోతున్నాడని అర్థం, వెంటనే ఆగిపోవాలి. స్వారీ రానివాళ్లను మోసే గుర్రానికి అంతకంటే కావలసిన పాఠం లేదు. నేనే ఎక్కి బిగుసుకుని చూపించేదాన్ని. రాయిలా నిలబడేది. వదులుగా కూర్చుంటే మళ్లీ కదిలేది. ముద్దొచ్చేది.

మొదటి ఊరేగింపు మాలాగే చర్చికి వెళ్లే కుటుంబానిది. పెళ్లికొడుకు బొగ్గుగనిలో పనిచేస్తాడు. పొద్దున పూట ఇంటి నుంచి చర్చి దాకా. కొత్త సూటులో ఎక్కాడు, గడ్డం ఎత్తాడు, కాళ్లు బిగించాడు. గుర్రం నాలుగడుగులు వేసి ఆగింది. నేను నేర్పిన పాఠం పొల్లుపోకుండా పాటించింది! వెనక భద్రాచలం బస్సు హారన్ కొడుతోంది, బస్సు వెనక కర్రల లారీ.

"తమ్ముడూ, కాళ్లు లూజుగ వదులు."

"వదిలినక్కా."

"వదల్లే. ఊపిరన్నా తీస్కో."

"తీస్కుంటున్న," అన్నాడు పళ్ల సందులోంచి. భూమి కింద అంత లోతుకి రోజూ దిగే మనిషి, ఇంత ఎత్తు ఎక్కి వణుకుతున్నాడు. ఈ దేశంలో వణకని పెళ్లికొడుకు ఉండడని నాకు ముందే తెలిసుండాల్సింది. అయినా తప్పు వాళ్లది, గుర్రానిది కాదు.

పెళ్లికొడుకు మేనమామ ఊగుతూ ముందుకొచ్చాడు. పొద్దున్నే ఎక్కడ పట్టించాడో, ఇంటికి ప్రార్థనకొచ్చిన పాస్టర్ గారు చర్చికి వెళ్లిపోయేదాకా కంటపడకుండా టెంటు వెనకే తిరిగాడు. "కొట్టుండ్రి దాన్ని! రెండు తగిలిస్తే అదే నడుస్తది!" అని అరిచాడు. వెనకున్నవాళ్లూ అందుకున్నారు. తిండి తప్ప ఇంకో సంగతి తెలియని మనుషులు కూడా గుర్రాన్ని ఎలా కొట్టాలో నాకు చెబుతున్నారు.

అన్న వ్యాను దగ్గరికి పోయి ముళ్ల కళ్లెం తెచ్చాడు. ఉస్తాద్ దగ్గర్నుంచి ముందే తెచ్చి పెట్టుకున్నాడన్నమాట. నా మీద ఏనాడూ నమ్మకం లేదు. ఒళ్లు మండిపోయింది.

"అది దాని నోట్ల పెట్టాలంటే ముందు నా చెయ్యి ఇరగ్గొట్టాలె," అని గుర్రం మూతికి అడ్డంగా నిలబడ్డాను.

"ఒప్పుకున్నవా లేదా? నలుగుర్ల ఇజ్జత్ తియ్యకు. జరుగు."

పైనుంచి పెళ్లికొడుకు ఏడుపు గొంతుతో అన్నాడు. "అన్నా, నేను దిగుత. నాకు ఎక్కుడే ఇష్టం లేకుండె. నన్ను అడిగిందెవ్వరు?" అని జర్రున జారి దిగి కోటు దులుపుకున్నాడు. ఆ పొద్దుటి నుంచి నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

మేనమామకి అది తలవంపులైంది. "మావోని ఊరేగింపుల గుర్రం ఖాళీగ పోతదా? నేనెక్కుత, జరుగుండ్రి!" అన్నాడు. ఇద్దరు వెనకనుంచి తోస్తే బస్తాలా ఎక్కాడు. ఆపుదామని తాడు బిగించినదాన్నల్లా ఆయన కూర్చున్న తీరు చూసి ఆగిపోయాను.

కాళ్లు వదులుగా వేలాడుతున్నాయి. భుజాలు కిందికి జారి ఉన్నాయి. నడుము గుర్రం వీపులోకి ఒదిగిపోయింది. కడుపులోంచి నింపాదిగా ఊపిరి తీసుకుంటూ ఏదో పాట అందుకున్నాడు. ఒంట్లో ఒక్క నరం బిగిసి లేదు. గుర్రం పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, తల దించి, కదిలింది. డప్పు మొదలవగానే దెబ్బ దెబ్బకీ కాలెత్తింది. చర్చి గేటు దాకా ఎక్కడా ఆగలేదు. పెళ్లికొడుకు పక్కనే నడుస్తూ పగలబడి నవ్వుతున్నాడు. గేటు దగ్గర పాస్టర్ గారు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారు.

అన్న నా పక్కనే నిలబడి ఫోన్ చేశాడు. "ఉస్తాద్, నువ్వు రాకు. నీ కళ్లెం పంపిస్త. అవ్, నడిచింది. ఆడింది గూడ." పెట్టేసి నావైపు తిరిగాడు. "చెల్లె, తాగినోడెక్కితే మస్తు నడుస్తది గదా? ఇగ పెళ్లోళ్లకు ముందే చెప్దాం."

వీడి తోడబుట్టినందుకు సిగ్గేసింది. అయినా ఆ ఫోన్ మాట విన్నాక గుర్రం మెడ పట్టుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

ఇంతలో మేనమామ జారి నా భుజం మీదే పడ్డాడు. గుప్పుమని కంపు. అంతకుముందే నా గుర్రాన్ని కొట్టమన్న నోరది. ఆ నోటితోనే, "బిడ్డా, నిజం చెప్పు. ఎట్ల కూర్చున్న?" అని అడిగాడు.

పట్నంలో పెద్ద పెద్దవాళ్ల పిల్లలు మెచ్చుకునే ఒక్క మాట కోసం నా మొహంలోకి చూసేవాళ్లు. ఎవరికీ చెప్పలేదు, చెప్పేంతగా ఎవరూ కూర్చోలేదు.

"మంచిగ కూర్చున్నవ్ మామా," అన్నాను. నిజం కాబట్టి చెప్పక తప్పలేదు. ఆయన్ని చర్చి గోడకి ఆనించి, గుర్రానికి నీళ్లు పట్టడానికి వెళ్లాను.