వెనక నుంచి పిలుపు

దయ్యాల కథలు వింటే నాకు నవ్వొచ్చేది. ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. చప్పుడైతే ఎలుకో, నీళ్ల పైపో అనుకునే రకం. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ పోయిన వేసవిలో తార్నాకలోని మా ఇంట్లో జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

అక్కా నేనూ పెళ్లిళ్లు చేసుకోకుండా ఆ ఇంట్లోనే కలిసి బతికాం. అక్క పోయాక ఇల్లు బావురుమనేది. ఆ ఒంటరితనం పడలేక ఒక గది టూరిస్టులకు అద్దెకిచ్చాను.

అలా వచ్చింది హానా. దేశాలు తిరుగుతూ పాత కట్టడాల బొమ్మలు గీసుకునే విదేశీ పిల్ల. వాళ్లమ్మ వీడియో కాల్‌లో చేతులు జోడించి మరీ నాకు అప్పగించింది.

దాంతో నాకు మళ్లీ టీచరమ్మ పూనింది. ఆటో ఎక్కితే నంబరు ఫొటో తీసి నాకు పంపు. రోడ్డు పక్కన నడుస్తూ ఫోను చూడకు. మాణికేశ్వర్ నగర్ గల్లీల్లో అడక్కుండా ఎవరినీ ఫొటో తీయకు. ఎవరింటికెళ్లినా చెప్పులు బయటే విడువు. హానా అన్నీ తు.చ. తప్పకుండా పాటించేది. ఇవే మాటలు మన పిల్లలకు చెబితే విసుక్కుంటారు.

ఒకరోజు నవ్వించడానికి అక్క చాదస్తం కూడా చెప్పాను. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఎవరైనా పిలిస్తే లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లాలి. హానా నవ్వలేదు. శ్రద్ధగా తలూపింది.

ఆమె రోజూ మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పెద్ద తురాయి చెట్టు కింద కూర్చుని, ఎదురుగా ఉన్న రాతి భవనాన్ని గీసేది. ఆ రోజు నేను కూరగాయలకని నల్లకుంట వెళ్లాను. ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. ఫోన్ చేస్తే హానా ఎత్తలేదు. వాళ్లమ్మ జోడించిన చేతులే కళ్ల ముందు మెదిలాయి. ఇంటికెలా వచ్చి పడ్డానో నాకే తెలియదు.

హానా హాల్లో కూర్చుని ఉంది. బ్యాగు భుజానే ఉంది. ముందు ఖాళీ గ్లాసు.

చెప్పులేసుకుంటుంటే నేను పిలిచానట. లోపలికొచ్చి నీళ్లు తాగి, మళ్లీ లేచేలోపు గాలి మొదలైందట. ఫోను బ్యాగులో సైలెంట్‌లో ఉండిపోయిందట. నేను ఇంట్లోనే లేనన్నాను. హానా వంటింటి వైపు చూపించి, తాను విన్న మాటలను వచ్చీరానట్టు పలికింది.

"ఓ పిల్లా, జర ఆగు."

వంటింట్లోకి వెళ్లి చూశాను, ఎవరూ లేరు. మా అక్క అందరినీ "పిల్లా" అనే పిలిచేది, తల నెరిసిన నన్ను కూడా. నేను హానాకు నేర్పిన తెలుగు "నీళ్లు", "ఎంత", "వద్దు" వరకే. పోనీ పక్కింటివాళ్లా అంటే, వాళ్లు తాళం వేసుకుని మెట్టుగూడలో పెళ్లికి వెళ్లారు.

సాయంత్రం గాలి తగ్గాక ఇద్దరం క్యాంపస్‌కు వెళ్లాం. తురాయి చెట్టు వేళ్లతో సహా కూలి, ఆమె కూర్చునే బెంచీ మీద పడి ఉంది. వాచ్‌మన్ హానాను గుర్తుపట్టాడు.

"ఈమె రోజూ గీడనే కూసుంటది మేడం. ఇయ్యాల రాలే, మంచిగయింది" అన్నాడు.

హానా నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

తర్వాత కొన్నాళ్లకు ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. వీధిలో ఎవరో ఎవరినో పిలిచి ఉంటారని నాకు నేనే పాఠం చెప్పుకుంటూ ఉన్నాను. ఎంత చెప్పుకున్నా కుదరడం లేదు. భయమైతే లేదు. ఉన్నదల్లా అక్క మీద కోపం. ముక్కూ మొహం తెలియని పిల్లను పిలిచింది. బతుకంతా తనతో ఉన్న నన్ను ఒక్కసారీ పిలవలేదు.

ఇప్పుడు బయటికెళ్లేటప్పుడు గడప దాటి కాసేపు ఆగుతాను. హాల్లో గ్లాసుతో మంచినీళ్లు పెట్టే ఉంటాయి. తిరిగొచ్చాక వాటిని తులసి మొక్కకు పోస్తాను.