సన్నాయి ఆయన ముందుపళ్ళు

పోయిన మంగళవారం పొద్దున్నే తెనాలి నుంచి ఫోను వచ్చింది. మా అక్కయ్య ఇక లేదు. కడుపారా ఏడ్చాను. ఏడుపు తగ్గాక గర్వం ముంచుకొచ్చింది, దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు. అరవైల చివర్లో అక్కయ్య తెనాలిలో పళ్ళ డాక్టరుగా బోర్డు కట్టినప్పుడు, ఆడది పళ్ళు పీకడమేంటని జనం నోళ్ళు నొక్కుకున్నారు. ఆ నోళ్ళన్నీ తర్వాత ఆమె ముందే తెరుచుకున్నాయి.

ఆదివారాలు రైలెక్కి రేపల్లె వెళ్ళి, ఒక బియ్యంమిల్లు వరండాలో రోగులను చూసేది. తోడుగా నేనూ వెళ్ళేదాన్ని. ఎంత కంపు నోరైనా ఆమె మొహం చిట్లించగా చూడలేదు. “నోరు వాసనొస్తే సిగ్గుపడక్కర్లేదండి, భయపడాలి” అనేది.

డెబ్బైల మొదట్లో అక్కడికి ఒక సన్నాయి విద్వాంసుడు వచ్చాడు. చిగుళ్ళు వాచి ముందుపళ్ళు కదులుతున్నాయి. పుల్లతో తోముకుంటే నెత్తురొస్తోందని తోముకోవడమే మానేశాడట! పెళ్ళివారికి వాసన తగలకుండా లవంగాల కిళ్ళీ బిగించేవాడు. బాపట్లలో ఒక డాక్టరు అన్నీ పీకించుకోమన్నాడట.

“ఇవి ఊడితే నా సన్నాయి మూగబోయినట్టే డాక్టరమ్మా” అన్నాడు కళ్ళనీళ్ళతో.

“పీకను బాబాయిగారూ. ముందు ఆ కిళ్ళీ ఉమ్మేసి రండి.”

“వాసనకీ చిగుళ్ళకీ ఏంటమ్మా సంబంధం?”

“ఉండొచ్చంటున్నారండి. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడుద్ది చూశారా? పళ్ళ సందుల్లోని క్రిములు అట్లాంటి గంధకపు గాలినే పుట్టిస్తాయి. కంపు దానిదే. అది చిగురు పైపొరని గుల్ల చేస్తే క్రిముల విషం తేలిగ్గా లోపలికి దిగుద్ది. మీరేమో పైన కిళ్ళీ కప్పి, కింద దాన్ని పెంచుతున్నారు.”

తిరుగు రైల్లో అడిగాను, “నిజంగా రుజువైందా అక్కయ్యా?”

“ఇంకా లేదే. అందుకే ఉండొచ్చన్నా. తెలిసినంతే చెప్పాలి.”

నా గర్వమంతా ఆ మాట మీదే నిలబడి ఉంది.

వారం వారం ఆయన పళ్ళ గార గీకింది. నెత్తురొచ్చినా నెమ్మదిగా తోముకోవడం, నాలుక శుభ్రంగా గీసుకోవడం దగ్గరుండి నేర్పింది. పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయి ముట్టొద్దంటే ఆయన అలిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారానికి తనే వచ్చాడు. దవడపన్ను ఒకటి దక్కలేదు. మిగతావి ఏమవుతాయో అక్కయ్యకే తెలియదు.

మరుసటి వేసవిలో వేమూరులో మా చుట్టాల పెళ్ళి. పొద్దుటి ముహూర్తం. మేళంలో ఆయన ఉన్నాడు. అక్కయ్యను చూడగానే సన్నాయి చంకలో పెట్టుకుని, ఆడవాళ్ళ వరుస దగ్గరికి వచ్చి, వంగి, అంతమందిలో నోరు బార్లా తెరిచాడు. పెళ్ళివారు విస్తుపోయారు. అక్కయ్య పట్టుచీర చెంగు దోపుకుని, ఆయన గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పింది. ముందుపన్నును వేలితో ఊపి చూసింది.

అది కదల్లేదు.

“ఇక కానివ్వండి బాబాయిగారూ” అంది.