మా నాన్న పోయారు... ఇంకా చదవండి

మా నాన్న సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళ పాటు వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ 'విషయం' అని ఉండే లైను మాత్రం చదివి, మిగతాది గుమస్తాలకు వదిలేసిన మనిషి. నేను తెలుగులో బ్లాగు మొదలుపెట్టానని చెబితే, "విషయం ఏమిటి?" అని అడిగారు.

"విషయం ఏం లేదు నాన్నా, మన ఇంటి సంగతులే."

"విషయం లేనిది చదవడం ఎందుకు?" అని మళ్ళీ పేపరు తెరిచారు.

అప్పటికి నాకు పదకొండు మంది పాఠకులు ఉన్నారు. పన్నెండోవాడు మా నాన్న కావాలని నా కోరిక. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పదకొండు మందినీ ఇచ్చేసి ఆయన్నొక్కణ్ణి తీసుకోమన్నా ఒప్పుకునేవాణ్ణి.

ఆయన చదవకపోవడానికి ఇంకో కారణం నా తెలుగు. మాది కాకినాడ వైపు. నేను పుట్టి పెరిగింది మాత్రం పాతబస్తీ మొఘల్‌పురాలో. చిన్నప్పుడు ఎవరో వచ్చి మీ నాన్నగారున్నారా అని అడిగితే, ఆయన ఇంట్లోనే ఉన్నారని తెలియక, "నాన్న పోయిండు" అన్నాను. స్నానాల గదిలోంచి నాన్న కేక వినపడింది. "వెళ్ళారు అనరా వెధవా! పోయారంటే పాడె కట్టాలి!" గల్లీలో అందరూ రోజూ పోతారు, రోజూ వస్తారు, ఎవరికీ ఏమీ కాదు. ఆ ముక్క ఆయనకు నేనెన్నడూ నచ్చజెప్పలేకపోయాను.

ఇంట్లో కంప్యూటరు లేదు. రెండు గల్లీల అవతల నెట్ సెంటర్‌లో కూర్చుని రాసేవాణ్ణి. దాన్ని నడిపే భాయ్‌కి తెలుగు చదవడం రాదు గానీ, సలహాలివ్వడానికి అదేమీ అడ్డం కాలేదు. ఒకరోజు నా భుజం మీదుగా తొంగి చూసి అన్నాడు.

"ఏంది భాయ్, మొత్తం బయటనే పెడితివి? మా మామ బట్టల దుకాణంల చీర కొంగు ఒక్కటే బయట ఏలాడదీస్తడు. మొత్తం జూడాలంటే చెప్పులిడిచి లోపలికి రావాలె."

చక్కగా ఉంది మాట. అలాంటి ఏర్పాటు బ్లాగులోనూ ఉంది. మనం రాసిన టపా మధ్యలో ఒకచోట గుర్తు పెడితే, మొదటి పేజీలో అక్కడిదాకానే కనిపిస్తుంది, కింద 'ఇంకా చదవండి' అని వస్తుంది. అది నొక్కితేనే మిగతాది. ఇక నేను రెచ్చిపోయాను. "ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది" అని కోసేవాణ్ణి. లోపలికి వెళ్తే ఆమె రక్తపరీక్ష చేసే నర్సు. "తలుపు తీసి చూస్తే ఎదురుగా..." అని కోసేవాణ్ణి. లోపల పాలవాడు. ఒకాయన నన్ను మోసగాడని తిడుతూనే ప్రతి టపా నొక్కేవాడు. పదకొండు మంది నలభై అయ్యారు.

మా నాన్న ఆదివారాలు ఊరవతల జల్‌పల్లిలో గడిచేవి. అక్కడ మాకో చిన్న ప్లాటు ఉంది. దాని నాలుగు మూలల రాళ్ళు కదిలాయేమో చూసుకోవడం ఆయన పని. టేపు పట్టుకుని కొలిచేవారు. అవి ఒక్కసారి కూడా కదలలేదు. ఒక సోమవారం ఆ సంగతి రాస్తూ, ముందు పేజీకి నేను వదిలిన ముక్క ఇది.

"ఈ ఆదివారం పొద్దున్నే మా నాన్న పోయారు. అమ్మ ఎంత ఆపినా ఆగలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను."

ఇంకా చదవండి అన్నచోట నొక్కితే, "జల్‌పల్లికి. సంచిలో టేపు, పులిహోర డబ్బా..." అని మొదలవుతుంది. ఒట్టు, నాకు అనుమానమే రాలేదు. నా చెవిలో అది గల్లీ మాటే.

మంగళవారం పొద్దున్న నాన్న మొహం నిండా సబ్బు నురగతో గడ్డం గీసుకుంటుంటే తలుపు చప్పుడయింది. ఆ నురగతోనే వెళ్ళి తీశారు. గుమ్మంలో కాకినాడలో ఉండే మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు. మా అక్క పెళ్ళిలో రెండో పంక్తిలో కూర్చోబెట్టారని అలిగి, తొమ్మిదేళ్ళుగా మాతో మాటల్లేని మనిషి. తెల్లటి మొహం చూసి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"అన్నయ్యా... ఆదివారం పోయావటగా?"

"వెళ్ళాను" అని దిద్దారు నాన్న. "సాయంత్రం ఆరింటి బస్సుకు వచ్చేశాను."

బాబాయి కొడుకు నా మొదటి పదకొండు మందిలో ఒకడట, దొంగచాటుగా. ఆ ముక్క వాడే బాబాయికి చూపించాడు. ఫోను చేద్దామంటే మా వీధిలో కేబుల్ కోసం తవ్వి లైను తెంపేశారు.

"మైల స్నానం కూడా చేసేశాను అన్నయ్యా, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు బాబాయి.

"మళ్ళీ చెయ్యి" అన్నారు నాన్న. తమ్ముణ్ణి లేవదీసి గట్టిగా వాటేసుకున్నారు. ఆ నురగ బాబాయి చొక్కాకంతా అంటింది.

మధ్యాహ్నం ముగ్గురం నెట్ సెంటర్‌కు వెళ్ళాం. భాయ్ మా నాన్నకు తన సొంత కుర్చీ వేశాడు. ముందు పేజీలోనే వ్యాఖ్యలు రాసే వీలుంది కాబట్టి అందరూ అక్కడే సంతాపాలు రాసేశారు. 'మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి'. 'దుఃఖంలోనూ మీ శైలి చక్కగా ఉంది'. నన్ను మోసగాడన్న పెద్దమనిషి క్షమాపణ చెప్పాడు. భాయ్ నాతో చదివించుకుని, ఎందరు నొక్కారో లెక్క చూసి తల కొట్టుకున్నాడు.

"గింత మంది వచ్చిన్రు, ఒక్కడు గూడ నొక్కలే!"

నాన్న బాబాయి వైపు తిరిగారు. "నువ్వూ నొక్కలేదా?"

"ఆ ముక్క చదివాక ఇంకేం నొక్కుతాను? చొక్కా తగిలించుకుని స్టేషనుకు పరిగెత్తాను."

నాన్న టపా మొత్తం అచ్చు తీయించమన్నారు. ఇంటికొచ్చి మూడు పేజీలూ చివరిదాకా చదివారు. నేను వంటింట్లో నిలబడి ఆయన పేజీ తిప్పే చప్పుడు వింటూ ఉన్నాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఎర్ర పెన్నుతో 'పోయారు' కొట్టేసి 'వెళ్ళారు' అని రాశారు. చివర ఆఫీసు ఫైలు మీద రాసినట్టు 'చూశాను' అని రాసి పొట్టి సంతకం పెట్టారు.

మూడేళ్ళకు ఆయన నిజంగానే పోయారు. పదమూడో రోజు అయిన మర్నాడు నేను, బాబాయి మళ్ళీ ఆ నెట్ సెంటర్‌కే వెళ్ళాం. ఎంత ప్రయత్నించినా చెయ్యి ఆ మాట కొట్టలేదు. ఎర్ర సిరా గుర్తొచ్చింది. "మా నాన్న వెళ్ళారు" అని ఒక్క లైను రాశాను. ఎక్కడా కొయ్యలేదు.

బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇంకేదైనా ఉందేమోనని పేజీ అడుగుదాకా జరిపి చూశాడు.

"ఈసారి కిందదాకా చదివానురా" అన్నాడు. "అన్నయ్య ఎక్కడికి వెళ్ళాడో రాయలేదేం?"