కంచెలోకి మేము తెచ్చిన మొక్క

మస్కట్‌లోని వాడి కబీర్‌లో నేనుండే భవనం మెట్ల పక్కన ఎవరో పెట్టిన బంతి కుండీ ఒకటి ఉంది. మొన్న డ్యూటీకి బయలుదేరి మెట్లు దిగుతుంటే, అందులో బంతి మొదలుకు ఆనుకుని చామంతి ఆకులాంటి ఆకులతో జానెడు మొక్క కనిపించింది. వయ్యారిభామ. సంచీ కింద పెట్టి, మొదలు పట్టుకుని, వేరు తెగకుండా మెల్లగా లాగాను. నలిగిన ఆకుల చేదు వాసన వేళ్ళకు పట్టింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆఫీసు దాకా వదల్లేదు. ఆ రోజంతా లెక్కలు వేస్తూనే గంగారాం కాకను తలుచుకున్నాను.

కాకది జగిత్యాల వైపు ఒక పల్లె. నేను కలిసేనాటికి యాభై దాటాడు. కొండల్లో, ఎడారిలో కంచెలు వేసే మా కంపెనీలో ఫోర్‌మెన్. నేను పర్యావరణ ఇంజనీరింగు పూర్తిచేసి, మొదటి ఉద్యోగంగా అదే కంపెనీలో చేరి, ఒమాన్ దక్షిణాన సలాలా వెనక కొండల మీది సైటుకు వెళ్ళాను. మనం పంటకాలానికి వాడే ఖరీఫ్ అన్న మాటనే అక్కడ పొగమంచు కాలానికి వాడతారు. జూన్ చివర సముద్రం మీది మబ్బు వచ్చి కొండలకు ఆనుకుని మూడు నెలలు కదలదు. అక్కడి చెట్ల ఆకులు ఆ మంచును పట్టి, బొట్లు బొట్లుగా నేలకు దింపుతాయి. చెట్టు పోతే ఆ నీరూ పోతుంది. మేము చూసిన వాలు మీద ముసలి చెట్లే మిగిలాయి. మొలిచిన ప్రతి మొక్కనూ ఒంటెలు చిగురు దశలోనే తినేస్తున్నాయి. ఆ వాలు చుట్టూ కంచె వేసి, లోపల అక్కడి జాతి మొక్కలే నాటి, కొన్నేళ్ళు కాపాడి అప్పగించడం మా పని.

వెళ్ళిన మొదటి వారమే ఆ అడవికి ఉన్న ముప్పులను నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాను. ఒకటి, మందలు మితిమీరి మేయడం. రెండు, ఖరీఫ్ చూడటానికి వచ్చేవాళ్ళ కార్లు గడ్డి మీదికి ఎక్కడం. మూడు, వంటకు కొమ్మలు నరకడం. నాలుగు, ప్లాస్టిక్ చెత్త. ఒక్కొక్క దానికి ఎదురుగా నివారణ, బాధ్యులు, గడువు. ఆ పేజీ చూసుకుని నేను చాలా మురిసిపోయాను.

మర్నాడు పొద్దున కంచె గేటు దగ్గరికి వెళ్ళేసరికి పదిమంది పనివాళ్ళు ఒక చెక్కబల్ల మీద వరుసగా కూర్చుని, పాత టూత్‌బ్రష్‌లతో బూట్ల అడుగులు తోముతున్నారు. రాలిన మట్టిని ఒక డబ్బాలో పోస్తున్నారు. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దమనిషి ఒక్కొక్కరి ప్యాంటు అంచులు వంగి చూస్తున్నాడు.

“ఏం చూస్తున్నవ్ సార్, కాక మా బూట్లకు పండ్లు తోమిస్తడు. రేపు పేస్టు గూడ తెస్తడట,” అన్నాడు ఒకతను. అందరూ నవ్వారు.

“నీ నోరు గూడ తోమిస్త, ఆగు,” అని, కాక నాకు ఒక బ్రష్ అందించాడు. “కూసో సార్. కింది మన్ను పైకి రావద్దు. గంతే.”

“ఇది మన పని నిబంధనల పత్రంలో ఎక్కడుంది గంగారాం గారూ?”

“గారు ఏంది సార్, బెదిరిపోతున్న. కాక అను. పత్రంల లేదు. నా అలవాటు.”

శుభ్రత మీద ముసలివాళ్ళకుండే పట్టింపు అనుకుని, మర్యాద కోసం తోముకున్నాను.

ఆయన పని తీరు నాకు మొదట అర్థమైంది కంచె తెగినప్పుడు. పడమటి వైపు తీగను ఎవరో ఒకేచోట మూడుసార్లు కత్తిరించారు. నేను నా పట్టికలో ‘ముళ్ళతీగ, రెండు వరుసలు’ అని చేర్చాను. కాక చదివించుకుని విని, “ఎవల తొవ్వకు అడ్డం కట్టినమో ఆయన్నే అడిగితే అయిపాయె,” అన్నాడు. ఆ వాలు కింద ఒంటెలు మేపే సాలిం అనే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ సగం హిందీ, సగం అరబ్బీలో మాట్లాడుకున్నారు. సాలిం మాకు చాయ్ పోసి, నా చేతిలో ఉన్న మ్యాప్ కేసి చూసి, “ఒంటెకు ఇది చదవడం రాదు. దానికి ఊట ఎక్కడుందో అదే తెలుసు,” అన్నాడు. మా కంచె మందను ఊట నుంచి విడదీసిందని అప్పుడు తెలిసింది. కాక కంచెను లోపలికి జరిపి దారి వదిలాడు. ఆ తరువాత తీగ తెగలేదు. సాలిమే ఇంకొకరి ఆవులు అటు వస్తే అదిలించి, గేటు దగ్గరికి వచ్చి “యా గంగా, నీ డ్యూటీ నేను చేస్తున్నా” అని వేళాకోళమాడేవాడు. కొన్నాళ్ళకు కంపెనీ ఆయన్నే కాపలాకు పెట్టుకుంది.

నా పొరపాటు మే నెలలో జరిగింది. మొక్కలు నాటడానికి గుంతలు తవ్వాం. తవ్విన మన్నే తిరిగి నింపాలని పత్రంలో స్పష్టంగా ఉంది. ఆ మన్ను చూస్తే రాళ్ళు, గులకలు. మా నాన్న నూజివీడు దగ్గర మామిడి మొక్క నాటితే, గుంతలో సగం పశువుల ఎరువు, సగం తోట మన్ను కలిపి నింపేవాడు. ఆ గుంతల్లో కాళ్ళతో తొక్కి పెరిగినవాణ్ణి. ఈ రాళ్ళలో మొక్క బతుకుతుందా అనిపించింది. ఎవరినీ అడగకుండా, కింద మైదానంలోని ఒక తోట నుంచి మన్ను, ఎరువు కలిపి సలాలా పక్కన ఉన్న రైసూత్‌లోని మా యార్డుకు తెప్పించి, లారీలకెత్తించి పైకి పంపించాను.

కాక గేటు దగ్గర లారీకి అడ్డం నిలబడ్డాడు. “సార్, గీ చెట్లు మనం లేనప్పుడు పెరిగినయ్. వాటికి ఎరువు ఎందుకు అలవాటు చేస్తవ్? బయటి మన్ను లోపలికి వద్దు.”

“ఖరీఫ్ వచ్చేలోగా అన్నీ నాటాలి కాకా. మొక్కలు చస్తే ఎవరు జవాబు చెప్తారు?”

ఆయన నా ముఖంలోకి చూసి పక్కకు జరిగాడు. నేను ఇంజనీరును, ఆయన ఫోర్‌మెన్. ఆ రోజు కూడా పదిమందీ బల్ల మీద కూర్చుని బూట్లు తోముకునే లోపలికి వచ్చారు. వాళ్ళ పక్కనుంచే లారీ వెళ్ళింది.

మంచు కాలం మొదలైన మూడో వారం. పది అడుగుల దూరంలో మనిషి కనిపించడం లేదు. తెల్లటి మబ్బులోంచి కాక పిలిచాడు. “సార్, జర ఇటు రా. కూసోని చూడు, నిలవడితే కనవడది.” మోకాళ్ళ మీద కూర్చున్నాను. మేము నాటిన మొక్క చుట్టూ లేత ఆకులు నేలకు అంటుకుని విచ్చుకున్నాయి.

“చామంతా?” అన్నాను.

“మా ఊర్ల గూడ గట్లనే అనుకున్నం. వయ్యారిభామ సార్.”

పక్క గుంతకు వెళ్ళాం. ఆ పక్క గుంతకు. సగానికి పైగా గుంతల్లో ఉంది. గుంత అంచు దాటి ఒక్కటీ లేదు. నేను తెప్పించిన మన్ను ఎంతవరకు పోశామో, కచ్చితంగా అంతవరకే మొలిచింది. ఎవరు తెచ్చారో ఆ కొండే గుండ్రంగా గీతలు గీసి చూపించినట్టుంది.

“నీ లిస్టుల మనం లేము గద సార్,” అన్నాడు కాక. ఎత్తిపొడుపు కాదు. గులకరాయి మీద కూర్చుని చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుంటూ అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా పీకాం. తడి నేల కాబట్టి వేళ్ళతో సహా వచ్చాయి. పీకుతూ తన ఊరి సంగతి చెప్పాడు. ఆయన పసుపు చేను గట్టుకు ఆ మొక్క ఎవరి ట్రాక్టరు టైర్లతోనో వచ్చింది. తన గట్టు మీద ఉందని ఒప్పుకుంటే సోమరిపోతు అంటారని ఎవరికి వారు నోరు మెదపలేదు. ఆయనా మెదపలేదు. “మూడేండ్లకు ఊరంతా తెల్లపూలే. బర్లు ముట్టవు. నా చేతులకు దద్దులు,” అని చొక్కా చేతులు పైకి లాగి చూపించాడు. ముంజేతుల మీద అప్పటికే ఎర్రగా పొక్కింది. ఆపమన్నాను. ఆయన చొక్కా చేతులు దించుకుని పక్క గుంతకు జరిగాడు.

సాయంత్రం మా మేనేజరుకు ఫోన్ చేశాను. వారంలో పరిశీలనకు పర్యావరణ శాఖ అధికారిణి రావలసి ఉంది. ఆయన హిందీలో చెప్పింది క్లుప్తం: కలుపు మందు కొట్టించు, పేరెత్తకు, ఎవరైనా అడిగితే ఫోర్‌మెన్ తెలియక మన్ను దింపాడని రాసెయ్. కాక కాంట్రాక్టు ఆ నెలలోనే పొడిగించాలి. నాది ఇంకా ప్రొబేషన్. ఫోన్‌లో మాటలన్నీ పక్కనే ఉన్న కాకకు వినిపించాయి.

“నేను మీ పేరు రాయను కాకా,” అన్నాను.

“నా పేరు రాసినా సరే సార్, మొక్క పేరు రాయి. మందు కొడితే మొక్క సస్తది. మన్నుల ఇత్తు ఉంటది గద, ఏండ్లకేండ్లు. మనం దాస్తే, వచ్చే ఖరీఫ్‌ల గిక్కడ తిరిగేటోడు దీన్ని చామంతి అనుకుంట పోతడు. ఎరుక లేనోడు ఎట్ల పీకుతడు?”

“ఉద్యోగం పోతే?”

“ఇద్దరం ఒకటే విమానం ఎక్కుదాం. కిటికీ సీటు నాది, ఇప్పుడే చెప్తున్న.”

పరిశీలనకు వచ్చిన ఒమానీ అధికారిణి గేటు దగ్గర బల్ల మీద కూర్చుని అందరిలాగే తన బూట్లు తోముకున్నారు. లోపలికి అడుగుపెట్టగానే, ధైర్యం సడలకముందే చెప్పేశాను. ఈ మన్ను నేను తెప్పించాను, పత్రంలో వద్దని ఉంది, ఫోర్‌మెన్ ఆపబోతే నేనే వినలేదు, దానితో ఈ మొక్క వచ్చింది. ఆమె తిట్టలేదు. ఏ గుంతలు, ఏ రోజు, ఏ తోట మన్ను అని అడిగారు. గుంతల నంబర్లతో సహా రాసిపెట్టిన కాగితం ఇచ్చాను. తరువాత ఆమె కాక వైపు తిరిగి, ఎలా గుర్తుపట్టాలో చూపించమన్నారు. కాక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె కూర్చున్నారు. సాలిం కూర్చున్నాడు. ఆకు ఎలా ఉంటుంది, పూత రాకముందే ఎందుకు పీకాలి, పీకినదాన్ని సంచిలో కట్టి ఎండబెట్టి ఎందుకు కాల్చాలి, అన్నీ తన హిందీలో చెప్పాడు. ఆయన చదవలేని నా పట్టిక కన్నా ఆ పాఠం ఎంతో మేలైనది.

శిక్ష లేకుండా పోలేదు. మరో రెండు ఖరీఫ్‌లు కంపెనీయే ఆ వాలును కనిపెట్టి ఉండాలన్నారు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. కాక కాంట్రాక్టు పొడిగించారు గానీ, కొండ మీది పని తీసేసి రైసూత్‌లో గోదాముకు మార్చారు. అది నా పొరపాటుకు ఆయన కట్టిన మూల్యం. మేనేజరును రెండుసార్లు అడిగినా మార్చలేకపోయాను. చూడటానికి వెళితే, “మంచిగ నీడకు కూసోవెట్టిండ్రు సార్, చేతులు గూడ తగ్గినయ్,” అని నన్నే ఓదార్చాడు. ఏడాది తరువాత ఊరికి వెళ్ళిపోయాడు.

నేను మస్కట్‌కు మారాక, రెండో ఖరీఫ్‌లో సాలిం నాకొక ఫొటో పంపాడు. అరచేతిలో మూడు మొక్కలు. వాయిస్ మెసేజ్‌లో ఉత్సాహంగా, “గంగాకు చెప్పు, పూత రాకముందే పట్టాను,” అంటున్నాడు. జగిత్యాలకు ఫోన్ చేసి వినిపించాను. కాక అంతా విని, “వేరు తోని పీకిండా, అడుగు,” అన్నాడు. అడిగాను. సాలింకు కోపం వచ్చింది. వేర్లు మాత్రమే కనిపించేలా ఇంకొక ఫొటో పంపాడు. కాక చాలాసేపు నవ్వాడు.

ఇప్పుడు ఏ సైటులో పొరపాటు జరిగినా, అది ఎవరెవరికి తెలియాలో ముందు రాసుకుంటాను. ఆ నేల మీద రోజూ నడిచేవాళ్ళ పేర్లు పైన ఉంటాయి. కిందటి నెల ఒక వాగు ఒడ్డున మా జనరేటరు నుంచి డీజిల్ కారింది. చిన్న మరకే, మన్ను కప్పితే కనిపించదు. అక్కడ మేకలు కాసే ముసలమ్మ దగ్గరికి నడిచి వెళ్ళి, నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో తప్పు మాదేనని చెప్పి, తీసుకొచ్చి ఆ చోటు చూపించాను. ఆమె వంగి వాసన చూసింది. నాలుక చప్పరించి, మేకలను వాగు పైకి మళ్ళించుకుంది. అవి ఒడ్డెక్కేదాకా చూసి, అక్కడే రాయి మీద కూర్చుని మేనేజరుకు రాయడం మొదలుపెట్టాను.